వరదమ్మ కట్టిన పొట్లాలు

తిరుత్తణి బజారులో పూలమ్మే ఆడవాళ్ళు మురుగన్ గుడి ఉన్న కొండకు ఎదురుగా కూర్చుంటారు. సాయంత్రం పైన దీపాలు వెలగగానే, కడుతున్న దండ ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నచోటు నుంచే చెంపలు వేసుకోవచ్చు. వరదమ్మ ఒక్కతే కొండకు వీపు పెట్టి కూర్చునేది. పొద్దుటి ఎండ సూటిగా మొహాన కొట్టినా జరిగేది కాదు.

మొదటినుంచీ అలా కాదు. నా కుట్టుమిషను ఆమె గోనెపట్టకు వెనక, అరుగు మీద ఉండేది. మొదటి కొన్నేళ్ళు నాకు ఆమె వీపూ, కొప్పులో చెక్కుకున్న కనకాంబరాలూ మాత్రమే కనబడేవి. తర్వాత మొహం కనబడింది. అప్పటికి కొప్పులో పూలు లేవు. ఆమె అలా తిరిగి ఎందుకు కూర్చుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. చాలావరకు ఆమె నోటి మాటే. పండగ రోజులు తప్ప నా మిషనుకు పని తక్కువ, వినడానికి తీరిక ఎక్కువ.

వరదమ్మ పుట్టిల్లు పెరియపాళయం పక్కన. మన ఆషాఢంలా వచ్చే ఆడినెలలో అమ్మవారికి వేపాకు కట్టుకుని మొక్కు తీర్చుకునే ఆడవాళ్ళకు ఆ వేపమండలు కట్టిచ్చేది వాళ్ళమ్మ. ఆకూ పువ్వూ కట్టే పని చేతికి అక్కడే వచ్చింది. పెళ్ళై తిరుత్తణి వచ్చింది. మొగుడు దొరస్వామి గుంటమగ్గం నేసేవాడు. లుంగీలు, తువ్వాళ్ళు. మనిషి సన్నం, నవ్వు పెద్దది. మధ్యాహ్నం మగ్గం దిగి, ఆమెకు సద్ది తెచ్చిపెట్టి, పక్కన కూర్చుని నార చీలుస్తూ వచ్చేపోయేవాళ్ళ మీద ఏదో ఒక మాట వేస్తుండేవాడు. గుండు కొట్టించుకుని దిగేవాళ్ళను చూసి, "వరదా, వీళ్ళకి పూలు అమ్మలేవు, రెండు నెలలు ఆగల్ల," అనేవాడు. పిల్లలు లేరు. ఆ సంగతి వాళ్ళు ఎత్తేవాళ్ళు కాదు, నేనూ అడగలేదు.

ఆమెకు దండల అమ్మకం ఒకటి, పొట్లాలు కట్టడం ఒకటి. బజారు చివర, రేకుల కప్పు కింద, మురుగన్ చేతిలో ఉండే బల్లెం, వేలు అంటారు, రాతిది ఒకటి నిలబెట్టిన చిన్న గుడి ఉండేది. ఎటూ తేల్చుకోలేని మనుషులు అక్కడికి వచ్చి పూలడిగేవాళ్ళు. అరటాకు ముక్కలో తెల్లపువ్వు పెట్టి ఒక పొట్లం, ఎర్రగన్నేరు పెట్టి ఇంకొకటి. వరదమ్మ రెండూ ఒకేలా నారతో కట్టిస్తే, తీసుకుపోయి వేలు ముందు పెడతారు. చూపు ఆనని ముసలి పూజారి దండపాణి కళ్ళు మూసుకుని చేతికి తగిలింది తీస్తాడు. తెల్లది వస్తే స్వామి సరే అన్నట్టు. ఎర్రది వస్తే వద్దన్నట్టు. తీయకుండా మిగిలిన పొట్లం విప్పకూడదు. అలాగే బావిలో వేసేయాలి.

ఆ కట్టులోనే మనుషుల గుట్టంతా ఉందని వరదమ్మకు తొందరగానే తెలిసింది.

ఒకసారి కంచి పంచె కట్టిన ఒకాయన వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడట: "అమ్మా, రెండిట్లోనూ తెల్లవే పెట్టు. బిడ్డని మా అక్క కొడుక్కి ఇయ్యాలని ఉండాది. మా ఇంటామె ఒప్పుకోదు."

"సామికి తెలీదా అయ్యా?"

"సామికి ముందే తెలుసులేమ్మా. ఆమెకి తెలియకుంటే చాలు."

ఇది చెబుతూ వరదమ్మ పడీపడీ నవ్వేది. ఎందుకంటే ఆ ఇంటామె గడియ ముందే వచ్చి, రెండిట్లోనూ ఎర్రవే కట్టమని చెప్పి పోయిందట.

"మరి నువ్వేం కట్టినావు?" అని అడిగాను.

"ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. వాళ్ళిద్దరికీ కావాల్సింది అందులోనే ఉండాది గదన్నా."

అడిగినవాళ్ళకు అడిగినట్టు కట్టిన రోజులూ ఉన్నాయి. భూమి అమ్మాలా వద్దా, ఆవడి ఫ్యాక్టరీలో పనికి పోవాలా వద్దా, అన్నదమ్ములు వేరు పడాలా వద్దా. వచ్చినవాళ్ళలో సగంమంది నిర్ణయం ఇంట్లోనే చేసుకుని వచ్చేవాళ్ళు. స్వామి చేత ఒక మాట అనిపించుకుంటే ఇంట్లో నోళ్ళు మూతపడతాయి. అది తప్పని ఆమె అనుకోలేదు. "పెద్దాయన పేరు చెప్పి పిల్లోళ్ళు పనులు చేసుకుంటా ఉండారు. ఆయన విని ఊరుకుంటా ఉండాడు," అనేది. కొండవైపు చూసి చెంపలు వేసుకుని ఇంకో పొట్లం కట్టేది. స్వామి మీద ఆమెకు అంత చనువు ఉండేది.

బళ్ళలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలైన ఏడాది అది. ఆడికృత్తిక పండక్కి దొరస్వామి ఎప్పటిలాగే పసుపు పంచె కట్టి కావడి ఎత్తాడు. ఆ పంచెకు అంచు కుట్టింది నేనే. అరోహరా అని జనం గొంతెత్తుతుంటే చెప్పుల్లేని కాళ్ళతో మెట్లెక్కాడు. మొక్కుబడిగా కొట్టిన కొబ్బరికాయల పెంకులు మెట్ల నిండా ఉన్నాయి. ఒక పెంకు ముక్క మడమలో దిగింది. దిగిందని అతనికి తెలియలేదు. ఒంట్లో షుగరు ఉన్న సంగతి ముందు తెలియదు, కాలు మొద్దుబారిన సంగతి అంతకన్నా తెలియదు. కిందికి వచ్చాక వరదమ్మే చూసింది, గోనెపట్ట పక్కన ఎర్రటి అడుగు.

"ఏంది మామా, కాలికి పారాణి పెట్టుకున్నావు?" అందట నవ్వుతూ.

ఆ నవ్విన మాట తర్వాత ఆమెను చాలా ఏళ్ళు తిన్నది.

పసుపు పెట్టారు, వేపాకు నూరి కట్టారు. పుండు మానలేదు. మడమ నల్లబడి, నలుపు పైకి పాకింది. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో కట్లు కట్టే పని చేసే లోకనాథం వాళ్ళ వీధివాడే. క్రైస్తవుడు. దొరస్వామిని అన్నా అనేవాడు. వాసన చూసి అతనే రైలెక్కించి తీసుకుపోయాడు. డాక్టరు రెండు మాటలు చెప్పాడు. మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కుతాడు, ఆలస్యమైతే దక్కడు. రేపు సాయంత్రంలోగా ఒప్పుకుని సంతకం పెట్టమన్నాడు.

మంచం చుట్టూ ముగ్గురే ఉన్నారు. వరదమ్మ, లోకనాథం, దొరస్వామి అన్న మునుస్వామి. ఆ ఇంటికి పెద్ద ఆయనే.

"కొండకి ఎక్కిన కాలది. సామి సొత్తు. ఆయన్ని అడగకుండా కోసేస్తారా?" అన్నాడు మునుస్వామి.

"కోసేది కాలన్నా, భక్తిని కాదు," అన్నాడు లోకనాథం.

"నువ్వు నీ దేవుడికి చెప్పుకో పోరా. మా దేవుడి సంగతి మేం చూసుకుంటాం."

"ఏ దేవుడైనా సరే, ఆ కాలు మాత్రం రేపటికి ఆగదు. వదినా, నువ్వన్నా చెప్పు."

వరదమ్మ మొగుడి వైపు చూసింది. దొరస్వామి జ్వరంలో కూడా నవ్వాడట.

"మగ్గం గుంటలో ఒక కాలు నేను తొక్కితే ఇంకోటి ఎవురు తొక్కుతారే వరదా? నువ్వొచ్చి పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటా మామా."

"అట్లయితే నువ్వే చెప్పు. నువ్వు కోయమంటే కోయించుకుంటా, వద్దంటే వద్దు. నాకు ఇంకెవురి మాటా అక్కర్లేదు."

"నేనెవురు మామా చెప్పేదానికి? సామిని అడిగొస్తా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "పొట్లాలు కట్టేది నువ్వేగదే," అన్నాడు.

"ఛీ, ఊరుకో. నీ విషయంలో అట్ల చేస్తానా!"

ఈ మాటలు ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఒకే వరసలో చెప్పేది. చివరి మాట దగ్గర ఆగిపోయి నారను పళ్ళతో తెంపేది.

మర్నాడు తెల్లవారి రైలుకే మునుస్వామితో తిరుత్తణి వచ్చింది. నేను అప్పుడే మిషను మీది గుడ్డ తీస్తున్నాను. పలకరిస్తే చెయ్యి ఊపింది, అంతే. తలస్నానం చేసి వచ్చి, ఎవరి బుట్టలోని పూలూ ముట్టుకోకుండా, కొత్త పూలు కొని తెచ్చుకుని కూర్చుంది. ఆ రోజు ఆమె కట్టినంత శ్రద్ధగా పొట్లాలు కట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆకు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూసింది. నార పోగు ఒకే పొడుగు చీల్చింది. ఒకసారి కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది. 

"చెయ్యి రెండుసార్లు తెల్లపూల మీదికి పోయిందన్నా," అని తర్వాత చెప్పింది. "రెండుసార్లూ ఎనక్కి తీసుకున్నా. ఊళ్ళో వాళ్ళకి కట్టిన దొంగపొట్లాలు సామి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నా మొగుడి కోసం గూడా దొంగపొట్లం కడితే కాలుతో పోనీడు, ప్రాణమే తీస్తాడనుకున్నా. ఆ ఒక్క పొద్దన్నా నిజంగా అడగాలనుకున్నా. నిజంగా అడిగితే నిజంగా చెప్తాడని."

దండపాణి పూజారి చెయ్యి చాపాడు. ఎర్రది వచ్చింది.

మునుస్వామి పొట్లం విప్పి పువ్వు కళ్ళకద్దుకున్నాడు. "చెప్పినా గదా! సామి తన కాలు తనే చూసుకుంటాడు," అన్నాడు. పాపం, ఆయనా తమ్ముడి మీద ప్రేమతోనే అన్నాడు. వరదమ్మ రెండో పొట్లం చేతిలో పట్టుకుని బావి దగ్గర నిలబడింది. అందులో ఏముందో ఆమెకు తెలుసు, తన చేత్తోనే పెట్టింది. ఇంకా కొంతసేపు నిలబడి ఉంటే ఏం చేసేదో. మునుస్వామి "రామ్మా, రైలు టైమైంది" అన్నాడు. ఆమె చెయ్యి వదిలేసింది.

సాయంత్రం లోకనాథం డాక్టరు గది ముందు ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడట. దొరస్వామి మాత్రం "ఏమొచ్చింది?" అని అడిగాడు. "ఎర్రది" అంది. "సరి," అన్నాడు. ఇల్లు చేరాక మగ్గం గుంట పక్కన చాప వేయించుకున్నాడు. కార్తీకదీపం నాటికి నలుపు తొడ దాటింది. తర్వాత మాట పడిపోయింది. సంక్రాంతి ముగ్గులు ఆ వీధిలో ఆ ఇంటి ముందు లేవు.

పదహారో రోజు అయ్యాక వరదమ్మ బజారుకు వచ్చింది. గోనెపట్ట దులిపి, ఇటు తిప్పి పరిచి, నా వైపు మొహం పెట్టి కూర్చుంది.  ఆమే అంది: "కొండ మీది ఆయప్పని చూడాలని లేదన్నా. పూలు మాత్రం అమ్ముతా. కడుపుండాది గదా."

లోకనాథం సెలవు రోజుల్లో వచ్చి ఆమె దగ్గర కూర్చునేవాడు. ఆమె కసిరేది, తిట్టేది, అయినా వచ్చేవాడు. మొగుడి పేరు ఎత్తగలిగిన మనిషి అతనొక్కడే కాబట్టి తిడుతూనే టీ తెప్పించేది. ఒకరోజు నా అరుగు మీదే వాళ్ళిద్దరికీ మాట పెరిగింది.

"లోకా, మీ దేవుడన్నా పలకతాడా, మా వాడి మాదిరే మూగోడా?"

"పలికేదాన్ని నేను వినలేదు వదినా. ఉన్న మాట చెప్తా ఉండా."

"మరి ఏమంటాడు మీ అయ్యగారు, దానికి?"

లోకనాథం గొంతు సవరించుకున్నాడు. ఆదివారం విన్నది కాస్త తన మాటల్లో చెప్పాడు. "దేవుడు ఎదురుగా నిలబడితే ఎవుడు తప్పు చేస్తాడు వదినా? మేస్త్రీ నిలబడితే కూలోళ్ళందరూ వంచిన నడుము ఎత్తరు. అది పని మీద ప్రేమనా, భయమా? ఆయన పక్కకి తప్పుకుంటేనే మనిషి తనంతట తాను ఏం చేస్తాడో తేలేది. మంచి చేసినా అప్పుడే అది మనది, చెడు చేసినా మనది. అందుకని దాక్కున్నాడంట."

వరదమ్మ దండ కట్టడం ఆపలేదు.

"చంటిబిడ్డ బావి కాడికి పాక్కుంటా పోతా ఉంటే, తల్లి తలుపు చాటున నిలబడి, తనంతట తాను యాడికి పోతాడో చూద్దామని ఊరుకుంటాదా?"

అతను టీ ఒక గుక్క తాగాడు.

"చెప్పరా. ఊరుకుంటాదా?"

"ఊరుకోదు."

"మరి!"

"మనం చంటిబిడ్డలం కాదేమో వదినా."

"నేను ఆ పొద్దు చంటిబిడ్డనేరా. అంతకన్నా తక్కువ. ఏడవనైనా ఏడవలేదు."

నేను మిషను తొక్కడం ఆపేశాను. లోకనాథం టీ గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా, ఆమెకు కోపం వస్తుందని తెలిసీ అన్నాడు: "నేను చెప్పినా గదా వదినా, కోయించమని. డాక్టరూ చెప్పినాడు."

"నువ్వు చెప్పినావు. నువ్వు సామివా?"

"కాదు."

"డాక్టరు సామియా?"

"కాదు."

"అదే నా కర్మ. సామి కానోళ్ళ మాటలు నిజమైనాయి." కట్టిన దండ చివర నార గట్టిగా లాగి తెంపింది. "ఆయన నామీద వదిలిపెట్టినాడు. నేను సామి మీద వదిలిపెట్టినా. సామి దండపాణి అయ్య చేతికి వదిలిపెట్టినాడు. ఆ ముసలాయనకి కండ్లు లేవు. అంతమందిమి ఉండి, ఒక కాలు కోయమని చెప్పేదానికి ఒక్క నోరు లేకపోయింది."

లోకనాథం లేచి పోయాడు. పోతూ ఆమె బుట్ట నీడలోకి జరిపి పోయాడు.

పొట్లాలు కట్టడం మాత్రం ఆమె మానలేదు. అందులోనూ మార్పు వచ్చింది. రెండూ తెల్లవి కట్టమని ఎవరైనా గొణిగితే, "నీ మాట నువ్వే చెప్పుకో పో, నీకు నోరు లేదా?" అని బజారంతా వినబడేటట్టు అనేది. కొంతమంది సిగ్గుపడి వెళ్ళిపోయేవాళ్ళు. కొంతమంది పక్క బుట్ట దగ్గరికి పోయేవాళ్ళు. రావడం తగ్గింది.

తర్వాత కొన్నేళ్ళకు, వానాకాలం, మధ్యాహ్నం బస్సులోంచి మొగుడూ పెళ్ళాం దిగారు. శోళవరం చెరువుకట్ట కింద సేద్యం చేసుకునే గోవిందస్వామి, అతని భార్య చెంచమ్మ. చెరుకు గానుగలో అతని కుడిచెయ్యి పడిందట. పాతచీర పీలికలు చుట్టి, ఎడమచేత్తో పట్టుకుని, కాళ్ళీడుస్తూ వచ్చాడు. పట్నం డాక్టర్లు మోచేతి పైకి తీసేయమన్నారు. దున్నే చెయ్యి, వాళ్ళకు మనసొప్పలేదు. కులదైవం మురుగన్ కాబట్టి పూలడిగి, ఆ తర్వాతే ఏదైనా చేద్దామని వచ్చారు.

చెంచమ్మ ఇదంతా చెబుతూ ఏడ్చింది. వరదమ్మ ఆమె మాటలు విన్నట్టు లేదు. ముక్కు ఎగబీల్చింది. ఆ వాసన నా అరుగు దాకా వచ్చింది. ఆమెకు తెలిసిన వాసన.

"ఎప్పుడు చెప్పమన్నారు డాక్టర్లు?" అంది.

"ఈ పొద్దు సాయంత్రానికే చేరమన్నారమ్మా. సామి ఏమంటాడో."

వరదమ్మ రెండు ఆకు ముక్కలు తీసింది. నేను ఎదురుగా ఉన్నాను, నాకు అడ్డం ఏమీ లేదు. మల్లెలు రెండు ఆకుల్లోనూ పెట్టింది. ఈసారి కట్టి విప్పలేదు, ఒక్కసారే కట్టింది. తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది.

"ఏందన్నా చూస్తా ఉండావు? నీ గుడ్డలు నువ్వు కుట్టుకో."

నేను తల దించుకుని కుట్టుకున్నాను. కాసేపటికి వేలు గుడి దగ్గర చెంచమ్మ ఏడుపు వినబడింది. ఆ వెంటనే ఇద్దరూ పరుగులాంటి నడకతో స్టేషను దారి పట్టారు. మిగిలిన పొట్లం బావిలో వేయడానికి పూజారి తడుముకుంటుంటే, వరదమ్మే వెళ్ళి అతని చేతిలోంచి తీసుకుని వేసి వచ్చింది.

ఆ రాత్రి నేను దాని గురించే ఆలోచించాను. నాకు పెద్ద చదువు లేదు. అరవం బడిలో కొన్నాళ్ళు, తెలుగు చదవడం దుకాణం పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నది. స్వామి మాట్లాడాల్సిన చోట ఒక మనిషి మాట్లాడితే అది మోసమా, సాయమా? లోకనాథం చెప్పిన మేస్త్రీ నిజంగానే పక్కకు తప్పుకున్నాడనుకుంటే, పని ఎవరో ఒకరు చేయాల్సిందే కదా అనుకున్నాను. అలా అనుకోగానే దొరస్వామి గుర్తొచ్చి, ఆ ఆలోచన రుచి పోయింది.

మరుసటి ఆడికృత్తికకు గోవిందస్వామి వచ్చాడు. పసుపు బట్టలు, ఒంటి నిండా విభూతి, భుజానికి కొబ్బరికాయల సంచి. కుడివైపు చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. మనిషి ఒళ్ళు చేశాడు. వెనకే చెంచమ్మ, ఆమె చేతిలో ఉయ్యాల బొమ్మ. కడుపుతో ఉంది.

తిన్నగా వరదమ్మ దగ్గరే ఆగాడు. గుర్తుపట్టి కాదు, దారిలో మొదటి బుట్ట అదే కాబట్టి.

"మల్లి దండ ఇయ్యమ్మా. అయిదు మూరలు. చూసి కొలువు, నీ చెయ్యి పొట్టిగా ఉండాది."

"నీ చేత్తోనే కొలుస్తాలే. చాపు."

అతను ఎడమచెయ్యి చాపాడు. వరదమ్మ అతని మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా దండ పరిచి కొలిచింది. ఒక మూర, ఇంకో మూర. ప్రతి మూరకూ ఆ చేతిని తాకింది. అతను నోరు మూయలేదు.

"నీకు తెలీదమ్మా, ఈ చెయ్యి పోయింది గానీ ప్రాణం మిగిలింది సామి చలవే. ఇక్కడే పూలడిగితిమి. తెల్లది వచ్చింది. నోరు తెరిచి చెప్పినట్టు చెప్పినాడు! ఒక్క రోజు ఆలస్యమై ఉంటే నేను ఉండను అన్నాడు డాక్టరు. సామి లేడనేవాళ్ళని నా దగ్గరికి పంపించు, చెప్తా."

"అట్లనా అయ్యా," అంది వరదమ్మ.

"పక్కింటోడు ఒకడు మందులకే మానతాదని కూర్చోని సచ్చిపోయినాడు. సామిని అడగలా. వాడి రాత."

వరదమ్మ దండ చుట్ట చుట్టి ఆకులో పెట్టింది. అతను సగం మూర కొసరు వేయమని గొడవపడ్డాడు. వేసింది. ఖాళీ చొక్కా చెయ్యి పదేపదే పూలబుట్టలో పడుతుంటే, "ఆ అన్న దగ్గర కుట్టించుకో పో, మెట్లెక్కేటప్పుడు ఎవురి కాళ్ళకన్నా తగులుకుంటాది," అని నా వైపు చూపించింది. నేను అతను వేసుకున్న చొక్కానే విప్పించి, కుడిచెయ్యి మోచేతి పైకి కత్తిరించి, నోరు మూసి కుట్టి ఇచ్చాను. అంతసేపూ అతను స్వామి మహిమ చెబుతూనే ఉన్నాడు. అరోహరా అనుకుంటూ జనంలో కలిసిపోయాడు.

వరదమ్మ చాలాసేపు పూలు ముట్టుకోలేదు.

"విన్నావా అన్నా. సామి చెప్పినాడంట."

"పోనీలే వరదమ్మా. మనిషి దక్కినాడు గదా."

"దక్కనీ, బిడ్డొస్తా ఉండాది గూడా, సల్లగుండనీ. కొబ్బరికాయలు కొండ మీద కొట్టనీ, నాకు కొట్టాలని లేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు కాదు, చెమట. "నేను ఆలోచిస్తా ఉండేది వేరే. ఆ పొద్దు రెండూ తెల్లవి కట్టుంటే, ఆయన గూడా ఒంటికాలి మీద ఇట్లనే ఎగురుకుంటా వచ్చి, సామి చెప్పినాడు సామి చెప్పినాడని బజారంతా చాటుండు. నేను నోరు మూసుకోని నార చీల్చుకుంటా ఉందును. సచ్చేదాకా చెప్పుండను. నాకు ఏం తక్కువై ఉండు? పక్కన కూర్చోని ఆ రెండో కాలు తొక్కుందును."

నేను కత్తెర పక్కన పెట్టాను.

"కనబడకుండా ఉండడం తప్పని నేను అననన్నా. నేనూ కనబడకుండానే ఉండా గదా, ఇంతసేపు. పలకాల్సిన పొద్దు పలకాల. లేదంటే, నేను పలకను, మీరే చూసుకోండని ముందే చెప్పాల. ఆ ఒక్క మాట ఎవురన్నా నాకు చెప్పుంటే, పొట్లాలు కట్టేదాన్నే కాదు. ఆసుపత్రిలోనే, ఆయన మొహం చూసి, కోయించుకో మామా అని చెప్పుందును."

పైన గంటలు మోగాయి. బజారులో ఆడవాళ్ళందరూ చేతులెత్తారు. వరదమ్మ నా మిషను కింద పడి ఉన్న పసుపు గుడ్డ ముక్క వైపు చూసింది, గోవిందస్వామి చొక్కా చెయ్యి.

"అది ఇటియ్యన్నా. ఎండ ఎక్కింది."

ఇచ్చాను. చెంబులో నీళ్ళు పోసి తడిపి, గట్టిగా పిండి, మల్లెమొగ్గల మీద కప్పింది. ఎండ ఆమె మొహం మీదే ఉంది. వెనక్కి తిరగలేదు.